మిల్లీసెకనులో ముగిసే దెబ్బ: బ్యాటుకూ బంతికీ మధ్య జరిగేదేమిటి?

బౌలర్ వేసిన బంతి బ్యాటును తాకి, అణగి, మళ్లీ విడిపోవడానికి పట్టే సమయం సెకనులో దాదాపు వెయ్యో వంతు. మనిషి ఒకసారి రెప్ప వాల్చి ఎత్తేలోపు అలాంటి దెబ్బలు నూరు పూర్తికావచ్చు. బ్యాటింగ్ గురించి మైదానంలో వినిపించే సలహాల్లో సగం ఈ ఒక్క సంఖ్యతో పోల్చి చూస్తేనే సరిగా అర్థమవుతాయి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో పొద్దున్నే నెట్స్ దగ్గర నిలబడితే, "గట్టిగా పట్టుకోరా, లేకుంటే బ్యాటు తిరిగిపోతాది" అని పిల్లలను హెచ్చరించే మాట తప్పకుండా చెవిన పడుతుంది. బ్యాటు తిరిగిపోయే మాట నిజమే. అయితే అది తిరగడం కంటికి కనిపించేటప్పటికి బంతి కవర్స్ వైపు ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటుంది.

ముందుగా బలం సంగతి చూద్దాం. పురుషుల క్రికెట్ బంతి బరువు 155.9 గ్రాముల నుంచి 163 గ్రాముల వరకు ఉండవచ్చు కనుక 160 గ్రాములుగా తీసుకుందాం. ఫాస్ట్ బౌలర్ చేతి నుంచి గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతి గాలిలో కొంత, పిచ్ మీద పడినప్పుడు మరికొంత వేగం కోల్పోయి, బ్యాటును చేరేసరికి గంటకు 108 కిలోమీటర్ల దగ్గర, అంటే సెకనుకు 30 మీటర్ల వేగంతో ఉందనుకుందాం. మంచి డ్రైవ్ తగిలి అది సెకనుకు 39 మీటర్ల వేగంతో వెనుదిరిగితే, దాని ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదానిలో, వచ్చిన మార్పు సుమారు 11 న్యూటన్ సెకన్లు. ఇంత మార్పు ఒక్క మిల్లీసెకనులో రావాలంటే సగటున 11,000 న్యూటన్ల బలం కావాలి. అది ఒక టన్నుకు మించిన బరువుతో సమానం, గరిష్ఠ స్థాయిలో దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. బ్యాటర్ ఎంత బలశాలి అయినా రెండు చేతులతో ఆ క్షణంలో అందించగలిగేది కొన్ని వందల న్యూటన్లు మాత్రమే. అదీగాక, చేతి బలం పిడి మీద పనిచేస్తుంటే దెబ్బ అడుగు అంచుకు దగ్గరలో పడుతోంది. అక్కడ పుట్టిన వంపు పిడి దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగి వచ్చి "వెనుక ఒక మనిషి ఉన్నాడు" అనే సమాచారాన్ని బంతికి చేర్చేలోపే బంతి విడిపోయి ఉంటుంది.

అందుకే ఈ విషయాన్ని లెక్కించేవారు బ్యాటును ఎవరి చేతిలోనూ లేని, గాలిలో స్వేచ్ఛగా కదులుతున్న ఒక కొయ్యగా భావించి లెక్క వేస్తారు, లెక్క ప్రయోగంతో సరిపోతుంది కూడా. పిడిని ఎంత బిగించి పట్టుకున్నా బంతి తిరిగి వెళ్లే వేగం చెప్పుకోదగినంతగా మారదు. చేతులు చేయవలసిన పని అంతా తాకిడికి ముందే, బ్యాటును ఎంత వేగంతో, ఏ కోణంలో, ఏ చోటికి తెచ్చాయన్న దగ్గరే ముగిసిపోతుంది. పైగా ముంజేతులను అతిగా బిగిస్తే మణికట్టు స్వేచ్ఛగా తిరగదు, బ్యాటు వేగం తగ్గుతుంది. బిగింపు వల్ల షాట్‌కు బలం రావడం అటుంచి, ఉన్నదే పోయే అవకాశం ఎక్కువ.

ఇక తాకిడి లెక్కకు వద్దాం. ఇంటర్మీడియెట్ భౌతిక శాస్త్రంలో అభిఘాతాల పాఠం చదివినవారికి ప్రత్యావస్థాన గుణకం గుర్తుండే ఉంటుంది. రెండు వస్తువులు దగ్గరయ్యే వేగంతో పోలిస్తే విడిపోయే వేగం ఎంత అని చెప్పే నిష్పత్తి అది. క్రికెట్ బంతికి మ్యాచ్ వేగాల దగ్గర ఇది సుమారు 0.5. రెండు మీటర్ల ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద వదిలిన బంతి అర మీటరు పైకి లేస్తే దాని గుణకం 0.5 అన్నమాట, ఎందుకంటే ఎత్తుల నిష్పత్తికి వర్గమూలం తీసుకోవాలి. అంత తక్కువ వేగంలో కొత్త బంతి నిజానికి ఇంకొంచెం ఎక్కువే లేస్తుంది, దెబ్బ వేగం పెరిగే కొద్దీ గుణకం తగ్గుతుంది.

సగం అనే ఈ సంఖ్య వెనుక ఒక పెద్ద నష్టం దాగి ఉంది. శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వేగంలో సగం మిగలడమంటే అణగడానికి ఖర్చయిన శక్తిలో పావు వంతు మాత్రమే తిరిగి రావడం. మిగిలిన ముప్పావు వంతులో అత్యధిక భాగం బ్యాటులో కాదు, బంతిలోనే పోతుంది. కార్క్ గుండూ దాని చుట్టూ బిగించి చుట్టిన దారమూ తోలూ ఒకదానితో ఒకటి రాసుకుని ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి. 2006లో యాషెస్ సిరీస్‌లో తొలిసారి వాడిన హాట్ స్పాట్ కెమెరాలు పరారుణ కిరణాలతో పట్టుకున్న తెల్లని చుక్క ఈ వేడే. ఎడ్జ్ తగిలిందో లేదో తేల్చడానికి ఉపయోగపడిన ఆ చుక్క, ప్రతి షాట్‌లోనూ బ్యాటర్ చెల్లించే సుంకానికి రసీదు కూడా. బ్యాటులో "స్ట్రోక్", అంటే బంతిని ఎగరగొట్టే గుణం, ఉందని, లేదని జరిగే చర్చల్లో బంతి పాత్రను ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఇప్పుడు బ్యాటు. 1.2 కిలోల బ్యాటు తన బరువంతటితోనూ బంతికి ఎదురు నిలుస్తుందనుకోవడం సహజమే గాని, అది ఎక్కువ చోట్ల నిజం కాదు. బల్ల మీద పెన్సిలును పడుకోబెట్టి మధ్యలో వేలితో కొడితే మొత్తం పెన్సిలు ముందుకు జరుగుతుంది, కొస దగ్గర కొడితే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. బ్యాటు కూడా అంతే. ద్రవ్యరాశి కేంద్రం వద్ద, అంటే వేలి మీద ఆనిస్తే బ్యాటు తూకంగా నిలిచే చోట, తగిలితే పూర్తి 1.2 కిలోలు బంతిని ఎదుర్కొంటాయి, అక్కడి నుంచి కిందికి జరిగే కొద్దీ బ్యాటు తిరిగిపోవడానికి వీలు పెరిగి, బంతికి అది తేలికైన వస్తువులా తోస్తుంది. అడుగు అంచు నుంచి సుమారు 15 సెంటీమీటర్ల పైన, ఆటగాళ్లు "మిడిల్" అని పిలిచే చోట, ఆ బ్యాటు ఎదురు నిలిచే బరువు దాదాపు 0.8 కిలోలకు సమానం.

ఈ 0.8 కిలోలనూ, బంతి 160 గ్రాములనూ, గుణకం 0.5నూ కలిపి లెక్కిస్తే చక్కని సూత్రం ఒకటి తేలుతుంది. బంతి వచ్చిన వేగంలో పావు వంతునూ, తాకిన చోట బ్యాటు కదులుతున్న వేగానికి ఒకటింబావు రెట్లనూ కూడితే వచ్చేదే బంతి తిరిగి వెళ్లే వేగం. బంతి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఆ చోట బ్యాటు 90 కిలోమీటర్ల వేగంతో ఎదురు వెళితే, మొదటి దాని వాటా 27, రెండవ దాని వాటా 112.5, వెరసి దాదాపు 140. వాటాలను పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాటు వేగంలో ఒక కిలోమీటరు పెంచడం బంతి వేగంలో ఐదు కిలోమీటర్లు పెంచడంతో సమానం. వ్యాఖ్యాతలు అలవాటుగా అనే "బౌలర్ పేస్‌ను వాడుకున్నాడు" అన్న మాట, ఎదురుగా కొట్టే డ్రైవ్ విషయంలో, అయిదో వంతు మాత్రమే నిజం.

ఆ మాట పూర్తిగా నిజమయ్యే చోటు వేరే ఉంది. పై సూత్రం బ్యాటు ముఖానికి లంబంగా ఉన్న వేగానికే వర్తిస్తుంది. లెగ్ గ్లాన్స్‌లో, లేట్ కట్‌లో బ్యాటు ముఖం బంతి దారికి దాదాపు సమాంతరంగా ఉంటుంది. ముఖానికీ దారికీ మధ్య కోణం 15 డిగ్రీలే అయితే, 108 కిలోమీటర్ల వేగంలో 104 ముఖం వెంబడి జారిపోయే భాగంగానే ఉంటుంది. ఘర్షణకు కొంత పోయినా మిగతాదంతా బంతితోనే బౌండరీ వైపు వెళుతుంది. అక్కడ బ్యాటర్ వేగాన్ని పుట్టించడం లేదు, దారి మళ్లిస్తున్నాడు. హైదరాబాద్ మణికట్టుగా పేరుపడిన అజారుద్దీన్, లక్ష్మణ్‌ల ఫ్లిక్‌లో ఈ దారి మళ్లింపూ, చివరి క్షణంలో మణికట్టు తిప్పి బ్యాటు కిందిభాగానికి తెచ్చే వేగమూ కలిసి ఉంటాయి. కండలు ఉబ్బించకుండానే బంతి పరుగెత్తడానికి కారణం అదే.

"మిడిల్" ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మూడు వేర్వేరు సంగతులకు మనం ఒకే పేరు పెట్టుకున్నాం. బంతి అత్యధిక వేగంతో వెళ్లే చోటు ఒకటి. చేతులు జివ్వుమనని చోటు రెండవది. పిడి చేతిలో ఎగిరిపడని చోటు మూడవది. అదృష్టవశాత్తు ఈ మూడూ కొన్ని సెంటీమీటర్ల మేర దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆటగాడికి అవన్నీ ఒకటిగానే అనిపిస్తాయి.

వేగం సంగతి ముందు. బ్యాటు పిడి చుట్టూ తిరుగుతూ వస్తుంది కనుక అడుగు అంచు అన్నింటికంటే వేగంగా కదులుతుంది, పైకి వెళ్లే కొద్దీ వేగం తగ్గుతుంది. ఎదురు నిలిచే బరువు మాత్రం దీనికి విరుద్ధంగా పైకి వెళ్లే కొద్దీ పెరుగుతుంది. ఈ రెండింటి బేరంలో మధ్యన ఒక చోట లాభం ఎక్కువ. పైన చెప్పిన బ్యాటునే తీసుకుని అంచనా వేస్తే, అడుగు నుంచి 15 సెంటీమీటర్ల వద్ద తగిలిన బంతి గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వెళ్లేచోట, 5 సెంటీమీటర్ల వద్ద తగిలితే 120, 32 సెంటీమీటర్ల వద్ద, అంటే ద్రవ్యరాశి కేంద్రం దగ్గర తగిలితే 125 వస్తుంది. అదే బంతి స్పిన్నర్ వేసినదై 72 కిలోమీటర్ల వేగంతో వస్తే ఈ మూడు అంకెలు వరుసగా 130, 117, 113గా మారతాయి. ఫాస్ట్ బౌలర్‌కు ఎదురుగా అడుగు భాగం కంటే పై భాగం మెరుగు, స్పిన్నర్‌కు ఎదురుగా పై భాగం కంటే అడుగు భాగం మెరుగు. బంతి వేగం తగ్గే కొద్దీ ఉత్తమమైన చోటు కొద్దిగా కిందికి జరుగుతుంది. బంతి తక్కువగా లేచే మన పిచ్‌ల కోసం బరువును కిందికి దించి చేసిన బ్యాట్లనూ, ఎక్కువగా లేచే ఆస్ట్రేలియా పిచ్‌ల కోసం కాస్త పైకి పెట్టి చేసిన బ్యాట్లనూ తయారీదారులు వేరుగా అమ్మడానికి మొదటి కారణం బంతి లేచే ఎత్తే. ఈ లెక్క దానికి తోడు నిలుస్తుంది.

చేతులు జివ్వుమనడం కంపనాల వ్యవహారం. దెబ్బ తగిలిన బ్యాటు తీగలా వంగి ఊగుతుంది. అన్నింటికంటే నెమ్మదిగా ఊగే మొదటి రీతిలో అది సెకనుకు నూరుసార్లకు కొంచెం పైగా ఊగుతుందనుకుంటే, ఒక్కొక్క ఊపుకు ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. బంతి ఒక మిల్లీసెకనులోనే వెళ్లిపోతుంది కాబట్టి, బ్యాటు వంగడంలో దాగిన శక్తి బంతికి ఎన్నటికీ తిరిగి రాదు, అది చేతుల్లోకి పోతుంది. అయితే ఈ ఊపులో అసలు కదలని చోట్లు కొన్ని ఉంటాయి, పాఠ్యపుస్తకాల్లో వాటిని అస్పందన స్థానాలంటారు. మొదటి రీతికి అలాంటివి రెండు. ఒకటి పిడిలో, ఇంకొకటి అడుగు నుంచి 15 సెంటీమీటర్ల ప్రాంతంలో. సరిగ్గా అక్కడ బంతి తగిలితే ఆ ఊపు మొదలే కాదు. ఇంకా వేగంగా ఊగే రెండవ రీతికి అస్పందన స్థానం కొంచెం కిందికి ఉంటుంది. రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి మేరలో ఏ రీతీ గట్టిగా లేవదు.

దీనిని ఇంట్లోనే చూడవచ్చు. పైచెయ్యి పట్టే చోట పిడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా పట్టుకుని బ్యాటును వేలాడదీయాలి. కింది చెయ్యి పట్టే చోట ఇంకొకరిని వేలి కొన ఆనించమనాలి. పాత బంతితో అడుగు అంచు దగ్గర మొదలుపెట్టి, రెండేసి సెంటీమీటర్లు పైకి జరుపుతూ, బ్యాటు ముఖం మీద మెల్లగా తట్టుకుంటూ పోవాలి. అడుగు దగ్గర శబ్దం మొద్దుగా, సాగుతూ ఉంటుంది, ఆనించిన వేలికి పిడి జుమ్మంటూ ఉంటుంది. పైకి వస్తుంటే ఒకచోట ఆ జుమ్మనడం హఠాత్తుగా సన్నగిల్లి, శబ్దం పొట్టిగా, ఖణీమని మారుతుంది. మరో నాలుగైదు సెంటీమీటర్లు దాటితే మళ్లీ మొదలవుతుంది. పెన్సిలుతో ఆ రెండు హద్దులను గీసుకుని, ఆడిన బ్యాటు మీది ఎర్ర మచ్చలు వాటి లోపల ఎన్ని, బయట ఎన్ని అని చూసుకుంటే తన బ్యాటింగ్ గురించి ఆటగాడికి తెలిసేది ఏ స్కోరుబోర్డూ చెప్పదు.

మూడవది, పిడి ఎగిరిపడని చోటు. బ్యాటు కింది భాగంలో దెబ్బ తగిలితే మొత్తం బ్యాటు వెనక్కి జరుగుతూనే తన కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఈ రెండు కదలికలూ ఒకదానినొకటి రద్దు చేసుకునే బిందువు పైన ఎక్కడో ఉంటుంది. ఆ బిందువు చేతుల కింద పడితే అరచేతికి కుదుపు తెలియదు. దీని ప్రభావం అనుభూతి మీదే ఎక్కువ, బంతి వేగానికి దీనితో పెద్ద పని లేదు.

"సాఫ్ట్ హ్యాండ్స్" గురించి ఒక సందేహం ఇక్కడ రాక మానదు. పట్టు బిగువుకూ బంతి వేగానికీ సంబంధం లేకపోతే, వదులు చేతులతో ఆడమని చెప్పే డిఫెన్స్ పాఠం వట్టిదేనా? వట్టిది కాదు, కారణమే వేరు. కదలకుండా నిలిపిన బ్యాటును 108 కిలోమీటర్ల బంతి తాకితే, పై సూత్రం ప్రకారం అందులో పావు వంతు, 27 కిలోమీటర్ల వేగంతో అది తిరిగి వెళుతుంది. బ్యాటర్‌కు అతి దగ్గరగా సిల్లీ పాయింట్‌లో కాచుకున్న ఫీల్డర్‌కు అది చాలు. ఆత్రపడి బ్యాటును ముందుకు 10 కిలోమీటర్ల వేగంతో నెడితే బంతి వేగం దాదాపు 40 అవుతుంది, క్యాచ్ ముందువైపు ఇంకాస్త దూరంలో ఉన్న ఫీల్డర్ దాకా హాయిగా వెళుతుంది. బంతి కాళ్ల దగ్గరే చచ్చిపడాలంటే తాకే క్షణంలో బ్యాటు గంటకు 21, 22 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తూ ఉండాలి. పూర్తిగా అంత సాధ్యం కాకపోయినా, అందులో సగం వెనక్కి తీసినా తిరుగు వేగం సగమవుతుంది. వదులు చేతులు చేసే మేలు ఇదే. అవి బ్యాటును ముందుకు నెట్టనివ్వవు, కొద్దిగా వెనక్కి రానిస్తాయి. పట్టు మెత్తనవడం వల్ల తాకిడి మెత్తబడదు, పట్టు మెత్తనైతే తాకిడికి ముందటి బ్యాటు వేగం మారుతుంది. కోచ్‌లు చెప్పే మాట సరైనదే, చెప్పే కారణం సరైనది కాదు.

బరువైన బ్యాటు వాడాలా, తేలికైనదా అన్న వాదం సచిన్ టెండూల్కర్ మూడు పౌండ్లకు పైబడిన బ్యాటుతో ఆడిన రోజుల నుంచీ ప్రతి టీ బంకు దగ్గరా సాగుతోంది. లెక్క చెప్పే జవాబు ఎవరికీ తృప్తి కలిగించదు. 1.2 కిలోలకు బదులు 1.4 కిలోల బ్యాటు తీసుకుంటే, సూత్రంలోని పావు వంతు 0.28 అవుతుంది. బరువు పెరిగినందుకు బ్యాటు వేగం 90 నుంచి 86.4కు, అంటే నాలుగు శాతం తగ్గిందనుకుందాం. ఫలితం 140.8. తేలిక బ్యాటుతో వచ్చిన 139.5తో పోలిస్తే లాభం గంటకు ఒకటిన్నర కిలోమీటరు కూడా లేదు. దానికోసం ఆలస్యంగా వచ్చే బ్యాటును, ముందుగా మొదలుపెట్టవలసిన స్వింగును భరించాలి. బ్యాటు ఎత్తినప్పుడు తెలిసే బరువు తక్కెడలో తూగే బరువు కాదు. అది బరువు పిడి నుంచి ఎంత దూరాన ఉందన్నదాని మీద, అంటే జడత్వ భ్రామకం మీద ఆధారపడుతుంది. ఒకే బరువున్న రెండు బ్యాట్లలో ఒకటి చేతిలో తేలికగా ఆడటం, ఇంకొకటి కిందికి లాగడం అందుకే. దుకాణంలో బ్యాటు కొనేటప్పుడు కొయ్య సుత్తితో తట్టి శబ్దం వినడం మనకు అలవాటు. ఆ మెల్లని తట్టు మ్యాచ్ వేగపు దెబ్బ గురించి చెప్పేది తక్కువ, నాలుగు సార్లు ఊపి చూసుకోవడం అంతకంటే ఎక్కువ చెబుతుంది.

అడ్డంగా పక్కకు తగిలిన దెబ్బల విషయంలో మాత్రం కొత్త బ్యాట్లు నిజంగానే మెరుగు. నడిమి గీత నుంచి రెండున్నర సెంటీమీటర్లు పక్కకు తగిలితే బ్యాటు తన నిలువు అక్షం చుట్టూ తిరుగుతుంది, మన ఉదాహరణలోని 140 కాస్తా 120 అవుతుంది. కొయ్యను నడిమి గీత నుంచి తీసి అంచులకు చేరిస్తే ఆ తిరగడానికి ఎదురయ్యే జడత్వం పెరిగి, నష్టం తగ్గుతుంది. లావుపాటి అంచుల రహస్యం ఇంతే. ఎడ్జ్ తగిలి కూడా సిక్స్ వెళుతోందన్న ఫిర్యాదులు పెరిగిన తర్వాత, 2017 అక్టోబర్ 1 నుంచి అంచు మందం 4 సెంటీమీటర్లకు, మొత్తం మందం 6.7 సెంటీమీటర్లకు మించరాదని నియమం పెట్టారు. వెడల్పు 10.8 సెంటీమీటర్లకు మించరాదన్న నియమం అంతకు చాలా పాతది, 1771లో ఒక ఆటగాడు వికెట్లంత వెడల్పు బ్యాటుతో దిగిన తర్వాత వచ్చింది. బరువుకు మాత్రం నేటికీ పరిమితి లేదు, పైన చూసిన లెక్కను బట్టి దాని అవసరమూ లేదు.

బ్యాటు ముఖం కొయ్యదే అయి ఉండాలన్న నిబంధన వెనుక ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ 1979 డిసెంబరులో పెర్త్‌లో అల్యూమినియం బ్యాటుతో దిగిన గొడవ ఉంది. కొయ్యల్లో విల్లోనే ఎందుకని అడిగితే జవాబు సాంద్రత. ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.4 గ్రాములతో తేలికగా ఉంటూనే, దెబ్బకు చీలకుండా సొట్టపడి నిలుస్తుంది. కాశ్మీర్ విల్లో ఇంగ్లిష్ విల్లో కంటే కొంచెం బరువు, గట్టిదనం ఎక్కువ. మన వైపు వడ్రంగులు చేసిచ్చే టేకు, వేప బ్యాట్లు అదే ప్రమాణంలో చేస్తే విల్లోకంటే ఎంతో బరువు తూగుతాయి కనుక, వాటిని పలుచగా చెక్కుతారు, పలుచనైన కొద్దీ అవి ఎక్కువగా వంగి చేతులను వణికిస్తాయి. శేషాచలం కొండల ఎర్రచందనం సంగతి సరదాకు ఆలోచించవచ్చు. నీటిలో మునిగేంత సాంద్రత గల ఆ కొయ్యతో విల్లో కొలతల్లో బ్యాటు చేస్తే ముఖం ఒక్కటే రెండున్నర కిలోల వరకు తూగుతుంది, అడవి నుంచి తేవడం ఎలాగూ నేరమే.

టైమింగ్ అనే మాటకు కూడా లెక్క ఉంది. 90 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న బ్యాటు మిల్లీసెకనుకు సుమారు రెండు డిగ్రీలు తిరుగుతుంది. అయిదు మిల్లీసెకన్లు ముందుగానో ఆలస్యంగానో తాకితే బ్యాటు ముఖం పది డిగ్రీలు పక్కకు చూస్తూ ఉంటుంది, అరవై మీటర్ల దూరంలోని బౌండరీ దగ్గర అది కనీసం పది మీటర్ల తేడా. ఫీల్డర్ చేతిలోకి వెళ్లడానికీ ఖాళీలోంచి పోవడానికీ మధ్య అంతే ఉంటుంది. నిలువు బ్యాటుతో ఆడే డ్రైవ్‌లో అదే పది డిగ్రీలు బంతిని నేల మీద ఉంచడమో గాలిలోకి లేపడమో తేలుస్తాయి.

గాలిలోకి లేచిన బంతికి ఇక వేరే ప్రత్యర్థి. గంటకు 140 కిలోమీటర్ల వేగం వద్ద బంతి మీద గాలి నిరోధం దాని బరువుతో దాదాపు సమానం. గాలే లేకపోతే 45 డిగ్రీల కోణంలో 150 మీటర్లు దాటవలసిన ఆ బంతి 90 మీటర్ల ప్రాంతంలో పడుతుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లలో బౌండరీ 82 మీటర్లకు మించి ఉండకూడదు కాబట్టి అది సిక్సే. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. రెండుచోట్లా ఒకే ఉష్ణోగ్రత ఉన్నప్పుడు మదనపల్లె గాలి ఆరు శాతం పలుచన, అదే దెబ్బ అక్కడ ఒకటి రెండు మీటర్లు ఎక్కువ దూరం వెళుతుంది. అయితే మే నెలలో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటే మధ్యాహ్నం కూడా గాలిని పలుచన చేస్తుంది, కాస్త చల్లగా ఉండే మదనపల్లె తన ఆధిక్యాన్ని అప్పుడు కొంతవరకు పోగొట్టుకుంటుంది. తేమ ఎక్కువైతే గాలి బరువెక్కి బంతి వెళ్లదని చాలామంది నమ్ముతారు. నీటి ఆవిరి నత్రజని కంటే తేలిక, తేమ గాలి రవ్వంత పలుచనే.

వీధుల్లోనూ కాలేజీ ఆవరణల్లోనూ ఎక్కువ మంది ఆడేది టెన్నిస్ బంతితో కాబట్టి ఆ లెక్కనూ చూడాలి. దాని బరువు 56 నుంచి 59.4 గ్రాములు, క్రికెట్ బంతిలో మూడో వంతుకు కాస్త పైన. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలన్నది దాని ప్రమాణం, అంటే ఆ వేగంలో గుణకం సుమారు 0.73 నుంచి 0.76 వరకు. ఇంత తేలికైన, ఇంత ఎగిరిపడే బంతికి ఎదురు నిలిచే బరువు 0.8 కిలోలున్నా 0.6 కిలోలున్నా పెద్ద తేడా లేదు. అందుకే టెన్నిస్ బాల్ బ్యాట్లను వెనుక తొలిచి తేలిక చేస్తారు, మిగిలిన బలాన్ని వేగం పెంచడానికి వాడుకుంటారు. బంతి బ్యాటు నుంచి బాణంలా బయలుదేరుతుంది గాని, నూగు చర్మమూ తక్కువ బరువూ కలిసి గాలిలో దాని వేగాన్ని తోలు బంతికంటే రెండున్నర రెట్లకు పైగా త్వరగా హరిస్తాయి. టెన్నిస్ బంతితో పెరిగిన కుర్రాడు మొదటిసారి తోలు బంతికి ఎదురు నిలిచినప్పుడు అదే తేలిక బ్యాటును తెచ్చుకుంటే, అడుగు దగ్గర తగిలిన ప్రతి బంతికీ చేతులు జివ్వుమంటాయి. ఇంతకాలం బంతి దాచిపెట్టిన మిడిల్‌ను అతను అప్పుడే వెతకడం మొదలుపెడతాడు.